దెబ్బ మానింది, బరువు పెరిగింది – తిరిగి కోలుకోవడం ఎలా?

పాడి ఉన్న ఇంట్లో దెబ్బలు తగలడం కొత్త సంగతి కాదు. వానాకాలం తెల్లవారుజామున కొట్టంలో పేడ మీద కాలు జారుతుంది. ఈగలు కుట్టిన గేదె తన్నుతుంది. బెదిరిన పశువు పలుపు గుంజితే వేళ్ళు నలుగుతాయి. నిండు క్యాను ఒక్కరే ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. పాలు పోసి సైకిలు మీద తిరిగి వస్తూ పడినవారు ప్రతి సంఘంలోను ఒకరిద్దరు ఉంటారు. ఎముక విరిగితే కట్టు కట్టించుకుంటాం. అప్పో సప్పో చేసి ఆపరేషను చేయించుకుంటాం. మూడు, నాలుగు నెలలకు ఎముక అతుకుతుంది. అయితే మంచం దిగిన మనిషి మునుపటి మనిషిగా ఉండడు. పొట్ట పెరిగి ఉంటుంది. దెబ్బ తగిలిన కాలు సన్నబడి ఉంటుంది. పది అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఈ రెండవ కష్టం గురించి డాక్టర్లు చెప్పేది తక్కువ, మనం అడిగేది ఇంకా తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ముందుగా నా సంగతి చెబుతాను. నేను పాల సేకరణ విభాగంలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరై, లాలాగూడలో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉండగా ఒక వానరోజు ఉదయం ఒక పల్లెలో పాల కేంద్రం మెట్ల మీద జారి పడ్డాను. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికి పంపుతూ "రెస్టు తీసుకోండి" అన్నారు. ఎంత కాలం, ఏ విధంగా అని నేను అడగలేదు. వారూ చెప్పలేదు. నేను ఆ మాటను అక్షరాలా పాటించాను. ఐదు నెలలు మంచం, కుర్చీ, మళ్ళీ మంచం. అల్లుడి ఎముక గట్టిపడాలని మా అత్తగారు ఊరి నుండి గేదె నెయ్యి డబ్బా పంపారు. అది అయిపోయేలోగా మరొకటి పంపారు. పడినప్పుడు నా బరువు 67 కిలోలు. ఐదు నెలల తరువాత 79. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికింది. కాని నేను మా ఇంటి రెండు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

ఇది ఎందుకు జరిగిందో పాడి రైతుకు చెప్పడం చాలా సులభం. మనం దాణా ఎలా పెడతాం? గేదె శరీర పోషణకు కొంత, ఆ పైన అది ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు సుమారు ఒక కిలో. పాలు తగ్గితే దాణా తగ్గిస్తాం. వట్టిపోయిన గేదెకు ఎనిమిది లీటర్లు ఇచ్చే నాటి దాణాయే పెట్టుకుంటూ పోతే అది కొవ్వు పట్టి, తరువాత ఎదకు రాక, ఈనేటప్పుడు కష్టపడి మనకే నష్టం తెస్తుంది. ఈ సంగతి తెలియని రైతు లేడు. మన శరీరం విషయానికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క మరచిపోతాం. పొలం పని, కొట్టం పని చేసే రోజుల్లో ఎంత అన్నం తిన్నామో, మంచాన పడ్డాక కూడా అంతే తింటాం. పైగా "నీరసంగా ఉన్నాడు" అని ఇంటివారు మరికొంత వడ్డిస్తారు.

ఎంత తేడానో చూడండి. మన దేశంలో పోషకాహార నిపుణుల సంఘం 2020లో సవరించిన లెక్క ప్రకారం, 65 కిలోల బరువున్న మగవాడు బరువైన శ్రమ చేస్తే రోజుకు సుమారు 3,470 కేలరీలు కావాలి. కూర్చుని గడిపితే 2,110 చాలు. 55 కిలోల స్త్రీకి బరువైన శ్రమలో 2,720, కూర్చుని ఉంటే 1,660. అంటే పని ఆగిపోయిన రోజు నుండి మగవారికి 1,300 కేలరీలకు పైగా, ఆడవారికి వెయ్యికి పైగా మిగిలిపోతాయి. శరీరం వాటిని పారవేయదు. కొవ్వుగా దాస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. మా అత్తగారి నెయ్యి సంగతే తీసుకోండి. మూడు పూటలా పెద్ద చెంచాడు చొప్పున వేసుకుంటే రోజుకు 45 గ్రాములు, అంటే 400 కేలరీలు. మిగతా తిండి ఏదీ పెరగకపోయినా ఆ నెయ్యి ఒక్కటే మూడు వారాలలోపు ఒక కిలో చేర్చగలదు. నెయ్యిలో ఎముకను అతికించే పదార్థం ఏమీ లేదు. కాల్షియం లేదు, మాంసకృత్తులు లేవు. ఈ మాట పాల సంఘాల పత్రికలో రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. అయినా నిజం నిజమే. నెయ్యి మంచి ఆహారమే. పనిచేసే మనిషికి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మంచాన పడిన మనిషి పూర్తిగా వట్టిపోయిన గేదె వంటివాడు కాదు, చూడితో ఉండి వట్టిపోయిన గేదె వంటివాడు. పాలు ఇవ్వకపోయినా లోపల దూడ పెరుగుతున్నది గనుక దానికి ఖనిజ లవణ మిశ్రమం, మంచి పచ్చిమేత మానుతామా? మానము. అలాగే విరిగిన ఎముక అతుకుతున్న రోజులలో శరీరానికి శక్తి తక్కువ చాలు గాని, మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్లు తగ్గకూడదు. బరువు పెరిగిపోతున్నదని కంగారుపడి పూట భోజనం మానేసేవారు, పాలు మానేసేవారు ఈ తప్పే చేస్తున్నారు. లంఖణం పరమౌషధం అన్న మాట జ్వరానికి ఏమోగాని, విరిగిన ఎముకకు పనికిరాదు.

బరువు యంత్రం చెప్పని సంగతి

పూర్వం కొన్ని చోట్ల పాలను లీటర్ల లెక్కన కొనేవారు. అప్పుడు నీళ్ళు కలిపినవాడికి, కలపనివాడికి ఒకే ధర. ఇప్పుడు మన సంఘంలో ఫ్యాటు చూస్తాం, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాం, రెండింటినీ బట్టి డబ్బు కడతాం. పది లీటర్లు అన్న మాటలో పాల నాణ్యత తెలియదు. మనిషి బరువు కూడా అంతే. 70 కిలోలు అన్న అంకెలో ఎంత కండ, ఎంత కొవ్వు అన్నది తెలియదు.

దెబ్బ తగిలిన తరువాత జరిగేది ఏమిటంటే, మన శరీరంలో ఫ్యాటు పెరిగి ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతుంది. కదలని కండ ఎంత త్వరగా కరిగిపోతుందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆరోగ్యవంతులైన యువకుల కాలికి కట్టు కట్టి కదలకుండా ఉంచి పరిశోధకులు కొలిచి చూశారు. ఐదు రోజులకే తొడ కండ మూడున్నర శాతం తగ్గింది. పద్నాలుగు రోజులకు ఎనిమిది శాతానికి పైగా తగ్గింది. బలం మరింత పడిపోయింది. రెండు వారాలలో ఇంచుమించు నాలుగవ వంతు పోయింది. దెబ్బ లేని యువకుల మాట ఇది. నిజంగా ఎముక విరిగి, నొప్పితో ఉన్న యాభై ఏళ్ళ మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

నా విషయంలో యంత్రం మీద 12 కిలోలు పెరిగినట్లు కనిపించింది. కాని నా కుడి తొడను టేపుతో కొలిస్తే ఎడమ తొడ కంటే రెండు అంగుళాలు సన్నగా ఉంది. కరిగిన కండ స్థానంలో కూడా కొవ్వు చేరిందన్న మాట. కాబట్టి బరువు యంత్రంతో పాటు ఒక టేపు దగ్గర పెట్టుకోండి. మన దేశపు డాక్టర్లు పాటించే కొలత ప్రకారం నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. నడుము తగ్గుతూ, తొడ పెరుగుతూ ఉంటే, యంత్రం మీద అంకె కదలకపోయినా మీరు సరైన దారిలో ఉన్నట్లే. మొదటి రెండు నెలలు నాకు జరిగింది అదే. బరువు ఒక కిలో కూడా తగ్గలేదు. నడుము మాత్రం ఒక అంగుళం తగ్గింది. టేపు లేకపోతే నేను ఆ ప్రయత్నం అక్కడే మానేసి ఉండేవాణ్ణి.

బరువు ఎందుకు తగ్గాలి అంటే అందం కోసం కాదు. మోకాళ్ళ నొప్పులున్న స్థూలకాయుల మీద జరిగిన ఒక పరిశీలనలో, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోను మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. నాకు పెరిగినవి 12 కిలోలు. అంటే దెబ్బ తిన్న కాలు ప్రతి అడుగుకూ దాదాపు అరబస్తా బియ్యం అదనంగా మోసింది. అది నొప్పి పెట్టడంలో వింత ఏముంది? నొప్పి పెడితే నడవం. నడవకపోతే బరువు పెరుగుతుంది. ఆ చక్రాన్ని ఎక్కడో ఒక చోట తెంచాలి.

పాలు మానాలా, వద్దా?

సంఘ సభ్యులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. లెక్క మీ చేతిలోనే ఉంది. సంఘం ఇచ్చే పాల స్లిప్పు చూసుకోండి. గేదె పాలకు ఫ్యాటు 7 శాతం ఉన్నదనుకుందాం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 14 గ్రాముల వెన్న ఉంటుంది. వెన్న గ్రాముకు 9 కేలరీల చొప్పున 126. మిగిలిన ఎస్.ఎన్.ఎఫ్.లోని మాంసకృత్తులు, పాల చక్కెర కలిసి సుమారు 70. మొత్తం దాదాపు 200 కేలరీలు. అదే గ్లాసు ఒకటిన్నర శాతం ఫ్యాటు ఉన్న డబుల్ టోన్డ్ పాలయితే వెన్న వల్ల 27, మిగతా 70, మొత్తం వందకు లోపే. ఇక కాల్షియం? రెండింటిలోను ఇంచుమించు ఒకటే, గ్లాసుకు సుమారు 240 మిల్లీగ్రాములు. ఎందుకంటే కాల్షియం ఉండేది వెన్నలో కాదు, ఎస్.ఎన్.ఎఫ్.లో. మాంసకృత్తులూ అక్కడే. వెన్న తీసినంత మాత్రాన పాల బలం పోతుందనేది అపోహ.

ఇంటి పాలు వాడేవారు కాచి, రాత్రంతా చల్లార్చి, పైన కట్టిన మీగడ తీసివేసి వాడుకోవచ్చు. వెన్న పూర్తిగా పోదు గాని చాలా వరకు తగ్గుతుంది. ఆ మీగడ నుండి వచ్చే నెయ్యి ఇంట్లో పని చేసేవారికి, పిల్లలకు ఉపయోగపడుతుంది. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని లెక్క. అర లీటరు పాలలో సుమారు 600 వస్తుంది. మిగిలినది రాగులు, ఆకుకూరలు, నువ్వుల నుండి వస్తుంది. 100 గ్రాముల రాగి పిండిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. రాగి అంబలిలో మజ్జిగ కలుపుకొని తాగే మన పాత అలవాటు ఈ పరిస్థితికి కొలిచి కుట్టినట్లు సరిపోతుంది. చిలికి వెన్న తీసిన మజ్జిగకు భయపడవలసిన పని లేదు. భయపడవలసినది పాలలో వేసే మూడు చెంచాల పంచదారకు, మంచంలో కూర్చుని రోజుకు నాలుగు సార్లు తాగే టీకి.

మాంసకృత్తులు కోలుకునే మనిషికి కిలో బరువుకు ఒక గ్రాముకు తగ్గకుండా ఉండాలి. నేను పాటించిన తిండి ఇది: రోజంతటికీ పావు కిలో బియ్యం, 75 గ్రాముల కందిపప్పు లేక పెసరపప్పు, వెన్న తగ్గించిన పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ కలిపి అర లీటరు, రెండు కోడిగుడ్లు, నూనె నాలుగు చిన్న చెంచాలు, కూరగాయలు కడుపునిండా. ఇందులో 65 గ్రాములకు పైగా మాంసకృత్తులు, సుమారు 1,850 కేలరీలు ఉంటాయి. 2,110 కావలసిన చోట 1,850 తింటే నెలకు ఒక కిలో చొప్పున కొవ్వు తగ్గే అవకాశం ఉంది. ఇది చాలా నెమ్మది అనిపిస్తుంది. కాని వారానికి అర కిలోకు మించి తగ్గే ప్రయత్నం చేస్తే కొవ్వుతో పాటు, కష్టపడి పెంచుకుంటున్న కండ కూడా పోతుంది. గుడ్లు తినని వారు ఆ స్థానంలో గుప్పెడు శనగలో, మరి కాస్త పప్పో వేసుకోవచ్చు. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ కొలతలు డాక్టరుకు చూపించి మార్చుకోవాలి.

ఎముకకు ఎండ కూడా కావాలి. విటమిన్ డి చర్మం మీద ఎండ పడితే తయారవుతుంది. నెలల తరబడి గదిలో ఉన్న మనిషిని కాసేపు అరుగు మీద ఎండలో కూర్చోబెట్టండి. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఎముకకు రక్తం సరిగా చేరకపోవడం వల్ల జరిగే నష్టం. కట్టు ఉన్న కాలంలోనైనా మానగలిగితే, ఆ తరువాత మళ్ళీ మొదలుపెట్టకపోవచ్చు.

పెద్ద ఆటగాళ్ళకూ ఇదే కథ

లాలాగూడ అంటే రైల్వే ఊరు. 1893లో నిజాం కాలపు రైల్వే వారు ఇక్కడ వర్క్‌షాపు పెట్టారు. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి కూడా ఇక్కడే ఉంది. పక్కనే తార్నాక వైపు రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు శిక్షణ సంస్థ ఉంది. ఆ సంస్థ బ్యాడ్మింటన్ కోర్టులలో మహబూబ్ అలీ గారి దగ్గర ఓనమాలు దిద్దుకున్న పిల్ల పి.వి.సింధు. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన జట్టులో ఆడారు.

2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో సింధు బంగారు పతకం గెలిచింది. అప్పటికే ఆమె ఎడమ చీలమండ నొప్పితో ఉంది. తరువాత చూస్తే ఎముకలో సన్నని పగులు. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్ళలేకపోయింది. దాదాపు ఐదు నెలలు ఆటకు దూరమై, 2023 జనవరిలో మలేషియాలో మళ్ళీ కోర్టులో దిగింది. మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఆ సంవత్సరమంతా ఒక్క టైటిల్ కూడా రాలేదు. 2024 డిసెంబరు 1న లక్నోలో సయ్యద్ మోదీ పోటీ గెలిచే వరకు, అంటే రెండు సంవత్సరాల నాలుగు నెలలు, ఆమె ఎదురుచూడవలసి వచ్చింది. రెండు ఒలింపిక్ పతకాలు, ఒక ప్రపంచ టైటిల్ ఉన్న క్రీడాకారిణి, పక్కనే ఫిజియోథెరపిస్టు, ఆహార నిపుణులు ఉన్న మనిషి. ఆమెకే అంత కాలం పడితే, ఆరు వారాలలో పూర్వపు బలం రాలేదని మనం నిరాశపడటం న్యాయం కాదు.

ఆమెకు శిక్షణ ఇచ్చిన పుల్లెల గోపీచంద్ కథ అంతకంటే కష్టమైనది. ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 1994లో పుణేలో డబుల్స్ ఆడుతూ పడిపోయాడు. మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు తెగింది. ఆపరేషన్లు జరిగాయి. ఆ రోజుల్లో అటువంటి దెబ్బ తగిలిన ఆటగాడు తిరిగి వస్తాడని నమ్మినవారు తక్కువ. రెండు సంవత్సరాలకు, 1996లో, జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ఏడు సంవత్సరాలకు, 2001 మార్చి 11న, చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తరువాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయన ఒక్కడే.

ఈ గురువు గారి గురించి పాడి రైతులకు నచ్చే సంగతి ఒకటుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం గెలిచిన తరువాత ఆయన పత్రికల వారితో, పోటీలు జరిగినన్ని రోజులూ ఆమెకు ఎంతో ఇష్టమైన తియ్యటి పెరుగును, ఐస్‌క్రీమును తాను తిననివ్వలేదని, ఇక తినవచ్చునని చెప్పారు. గమనించండి, ఆయన ఆపినది పెరుగును కాదు, తియ్యటి పెరుగును.

కదలిక ఏ వరుసలో?

నేను చేసిన పెద్ద పొరపాటు, ఎముక అతికే వరకు ఏమీ చేయకూడదని అనుకోవడం. విరిగిన చోటును కదపకూడదు, నిజమే. కాని మిగతా శరీరం ఏం పాపం చేసింది? మంచం మీదనే వేళ్ళు కదపడం, కట్టు లేని చీలమండను పైకి కిందికి ఆడించడం, తొడ కండను బిగబట్టి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం, చేతులతో ఇటుకో నీళ్ళ సీసానో ఎత్తడం, గట్టిగా గాలి పీల్చడం వంటివి డాక్టరును అడిగి మొదటి వారం నుండే చేయవచ్చు. ఇవి చేసిన మనిషికి, చేయని మనిషికి మూడు నెలల తరువాత చాలా తేడా ఉంటుంది.

కాలు ఎప్పుడు నేల మీద మోపాలి, ఎంత బరువు వేయాలి అన్నది మాత్రం ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాలి. పక్కింటివారు, సంఘం అధ్యక్షుడు, నేను చెప్పరాదు. పుత్తూరు కట్టు మీద మనవారికి నమ్మకం ఉంది. ఏ కట్టు కట్టించుకున్నా, ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు, వేళ్ళు తిమ్మిరెక్కి చల్లబడినప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికే పోవాలి.

కర్ర పట్టుకొని నడిచేటప్పుడు నూటికి తొంభై మంది దెబ్బ తగిలిన కాలి వైపే పట్టుకుంటారు. అది తప్పు. కుడి కాలికి దెబ్బ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడే బరువు కాలి మీద నుండి తప్పుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు.

నడక మొదట పది నిమిషాలు, రోజుకు రెండు సార్లు. మా పక్క ఇంట్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. రైల్వే క్వార్టర్ల వైపు చెట్ల కింద రోజూ ఆయనతోనే నడిచేవాణ్ణి. కాస్త బాగుందనిపించిన ఒక రోజు నేను ఉత్సాహపడి గంట సేపు నడవబోతే ఆయన ఆపారు. "సారూ, రిపేరైన డబ్బాను పట్టాల మీద ఎక్కియ్యంగనే ఎక్స్‌ప్రెస్‌కు తగిలియ్యరు. మొదలు మెల్లగ నడిపి, చక్రాల కాడ వేడెక్కుతున్నదా అని చూస్తరు" అన్నారు. నాకు ఏ పుస్తకంలోను అంత స్పష్టంగా దొరకని సలహా అది. మర్నాడు ఉదయం లేవగానే దెబ్బ తిన్న చోట చేయి వేసి చూడండి. వేడిగా, వాచి ఉంటే నిన్న చేసినది ఎక్కువైనట్లు. ఒక రోజు తగ్గించాలి. మామూలుగా ఉంటే వారం తరువాత ఐదు నిమిషాలు పెంచవచ్చు. కండ సలపడం వేరు, కీలు నొప్పి వేరు. మొదటిది రెండు రోజుల్లో పోతుంది, దానికి భయపడి మానవద్దు.

నడక ఒక్కటే కండను తిరిగి ఇవ్వదు. కుర్చీలో కూర్చుని చేతులు ఊనకుండా లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం తొడలకు మంచి వ్యాయామం. నేను మూడుతో మొదలుపెట్టి ఆరు నెలలకు ఇరవైకి వచ్చాను. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకొని కూర్చోవడం అన్నిటికంటే చివరివి. నొప్పి మాత్రలు వేసుకొని వ్యాయామం చేయడం మంచిది కాదు. నొప్పి చెప్పే మాట మనకు వినబడాలి. పైగా ఆ మాత్రలు నెలల తరబడి వాడితే మూత్రపిండాలకు చేటు.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మంచాన ఉన్నవారికి పిక్క ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నరం పట్టిందని నూనె రాసి రుద్దవద్దు. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోతుంది. పిక్క వాపుతో పాటు ఆయాసం, ఛాతీలో పోటు వస్తే అది అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంట్లో ఆడవారికి దెబ్బ తగిలినప్పుడు మన ఇళ్ళలో జరిగేది వేరు. మగవాడికి ఐదు నెలల విశ్రాంతి, ఆమెకు ఐదు వారాలు కూడా ఉండదు. కట్టు ఉండగానే వంటింట్లోకి వస్తుంది. ఫిజియోథెరపీకి బస్సు చార్జీలు దండగ అనుకుంటుంది. అందరికీ వడ్డించాక మిగిలిన అన్నం, చారుతో సరిపెట్టుకుంటుంది. పప్పు, గుడ్డు, పాలు ఆమె వంతుకు రావు. అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందువల్లనే నలభై దాటిన స్త్రీలలో దెబ్బ తరువాత ఒళ్ళు వచ్చి కాళ్ళు బలహీనపడటం ఎక్కువగా కనిపిస్తుంది. నెలసరి ఆగిన తరువాత ఎముకలు త్వరగా పలచబడతాయి కనుక వారికి పాలు మరింత అవసరం. సంఘానికి పోసే క్యాను నింపే ముందు ఆమె గ్లాసు పక్కన పెట్టండి.

నేను సేకరణకు తిరిగిన పల్లెలలో ఒక సభ్యురాలు ఉండేది. రెండు గేదెలు, పూటకు ఏడు లీటర్లు పోసేది. కొట్టంలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను తరువాత కొడుకు పితకబోతే గేదెలు చేపలేదు. చేయి మారితే చేపని గేదెలు అవి. పూటకు ఏడు లీటర్లు మూడుకు పడిపోయాయి. ఒక గేదెను అమ్మేద్దామని బేరం కూడా పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. కొడుకు పితికేటప్పుడు పక్కన కుర్చీ వేయించుకొని కూర్చుని, గేదె వీపు నిమురుతూ, ఎప్పటిలాగే పేరు పెట్టి పిలుస్తూ ఉండేది. నెల తిరిగేసరికి గేదెలు కొడుకు చేతికి చేపడం మొదలుపెట్టాయి. అప్పటికి ఆమె కూడా కర్ర పట్టుకొని కొట్టం దాకా నడుస్తున్నది. కొట్టం నుండి పాల కేంద్రానికి, అక్కడి నుండి బడి దాకా, అలా దూరం పెంచుకున్నది. ఒళ్ళు ఎనిమిది కిలోలు తగ్గింది. గొంతుకూర్చుని పితకడం మాత్రం మళ్ళీ వీలు కాలేదు. వడ్రంగి చేత మోకాలెత్తు స్టూలు ఒకటి చేయించుకొని, దాని మీద కూర్చుని ఒక గేదెను తాను, రెండవదాన్ని కొడుకు పితికేవారు. నేను రిటైరయ్యే నాటికి ఆ స్టూలు కాళ్ళకు రబ్బరు ముక్కలు కూడా కొట్టించింది, పేడ మీద జారకుండా.